అందరూ సరేనన్న చేను

బళ్ళారి వెళ్తున్నానని చెప్పగానే మా రాజమండ్రి కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో అందరూ ఒకే మాట అన్నారు: "అమ్మో, దుమ్ము!" వాళ్ళలో బళ్ళారి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. మొదట అన్నది చరిత్ర లెక్చరరుగారు. ఆయన ఎక్కడో లారీల బారు ఫొటో చూశారట. ఆయన అన్నారని ఫిజిక్సు ఆయన, ఆయన అన్నారని తెలుగు మేడమ్, చివరికి టీ తెచ్చిన ఆయమ్మ కూడా అదే అంది. నాకు లోపల్లోపల నవ్వొచ్చింది. నేను వెళ్తున్నది సరిగ్గా దీని గురించే. నలుగురు ఒక మాట అంటే ఐదోమనిషి కూడా అదే మాట ఎందుకంటాడన్నది నా పరిశోధన.

బళ్ళారికి పిలిచింది నిర్మల. మేమిద్దరం కలిసి ఎం.ఏ. సైకాలజీ చదివాం. తను పుట్టింది, పెరిగింది, ఇప్పుడు పాఠాలు చెబుతున్నది కూడా బళ్ళారిలోనే. ఇనుప ఖనిజానికి పై దేశాల్లో గిరాకీ పెరిగి, రైతులు రాత్రికి రాత్రి లారీ ఓనర్లవుతున్న రోజులవి. ఫోనులో నిర్మల ఇలా ఊరించింది: "వీధిలో ఒకరు టిప్పర్ కొంటే మిగిలినోళ్ళంతా కొంటాండారు. నీ పరిశోధనకి ఇంతకన్నా మంచి జాగా యాడ దొరుకుతాదే?"

మిర్చి లేని ఒగ్గరణె

దుమ్ము ఉన్న మాట నిజమే. రైలు దిగేసరికి తెల్లగా ఉన్న నా చేతిరుమాలు, స్టేషనుకొచ్చిన నిర్మలతో హోటలు చేరేసరికి కాషాయం కట్టింది. అయితే ఆ దుమ్ములోనే ఊరు హుషారుగా ఉంది. జీన్సు ప్యాంట్ల మూటలు కట్టుకున్న ఆటోలు, కొత్త కార్లు, వాటిని పట్టించుకోకుండా రోడ్డు మధ్యలో నడిచే గేదెలు.

ఆ ఊళ్ళో పొద్దుటి పలహారం ఒగ్గరణె. మన తెలుగువాళ్ళు ఉగ్గాణి అంటారు. బొరుగులు, అంటే మరమరాలు తడిపి, తాలింపు పెట్టి, పుట్నాల పొడి చల్లుతారు. పక్కన వేలెడంత మిరపకాయ బజ్జీ ఉంటుంది. పొద్దున్నే ఇడ్లీ తప్ప ఎరగని దాన్ని కనక నాకు బజ్జీ వద్దన్నాను. సప్లయరు నన్ను జాలిగా చూశాడు.

"మిర్చి లేకుంటే అదేం ఒగ్గరణె మేడమ్?"

మా బల్ల దగ్గర కూర్చున్న ముక్కూ మొహం తెలియని ముగ్గురు కూడా తినడం ఆపి నావైపు చూశారు. నేను బజ్జీ తెప్పించుకుని సగం దాకా కొరికేశాను. రెండు చెవుల్లోంచీ ఆవిరి వచ్చినట్టయింది. నేను నీళ్ళ గ్లాసు అందుకోబోతుంటే ఎదుటాయన ఆపి, "నీళ్ళు తాగొద్దమ్మా, ఇంకా మండుతాది. చక్కెర నోట్లో ఏసుకో," అని డబ్బా ముందుకు జరిపాడు. నిర్మల నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "పరిశోధన మొదలైనట్టేనా? మొదటి కేసు నువ్వే," అంది.

మా ఊళ్ళో ఒక్క పెసరట్టుకయ్యే డబ్బుతో ఇద్దరం కడుపునిండా తిన్నాం. లాడ్జి గది అద్దె అడిగినప్పుడు మాత్రం కళ్ళు తిరిగాయి. ఖనిజం కొనడానికి వచ్చినవాళ్ళు గదులన్నీ నెలల తరబడి పట్టేశారట. నిర్మల నన్ను కంటోన్మెంట్‌లోని తన ఇంటికి లాక్కుపోయింది.

కంటోన్మెంట్‌లో గీతలు

నా సంచిలో కొన్ని అట్టలున్నాయి. ఒక అట్ట మీద ఒకే గీత ఉంటుంది. రెండో అట్ట మీద మూడు గీతలుంటాయి. ఆ మూడింటిలో ఏది మొదటిదానితో సమానమో చెప్పాలి. చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. కానీ గదిలో ఉన్నవాళ్ళలో ఒక్కరు తప్ప అందరూ మనతో ముందే మాట్లాడుకున్నవాళ్ళు. కావాలనే అందరూ ఒకే తప్పు జవాబు చెబుతారు. చివర కూర్చున్న ఆ ఒక్కరూ తమ కళ్ళను నమ్ముకుంటారా, పక్కవాళ్ళ నోళ్ళను నమ్ముకుంటారా? మనస్తత్వశాస్త్రం చదివినవాళ్ళందరికీ తెలిసిన పాత ప్రయోగమే ఇది. బళ్ళారిలో ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాను.

నిర్మల తన విద్యార్థులను కొందరిని పిలిచింది. చివరి కుర్చీలో ఇంటి ఓనరు శేషప్పగారిని కూర్చోబెట్టింది. ఆయన రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. కరెంటు బిల్లు మీద, క్రికెట్ మీద, ఎండ మీద కూడా వాదించగలరని పేరు. "ఈయన తలూపితే లోకంలో ఎవరైనా తలూపుతారు," అంది నిర్మల నా చెవిలో.

పిల్లలు ఒకరి తర్వాత ఒకరు "రెండోది" అన్నారు. సమానమైనది మూడోదని కనబడుతూనే ఉంది. శేషప్పగారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశారు. పిల్లలవైపు చూశారు. చివరికి గొంతు తగ్గించి, "రెండోదే," అన్నారు. ఆ తర్వాతి అట్టలకూ అంతే.

అసలు సంగతి చెప్పినప్పుడు ఆయన పెద్దగా నవ్వారు. "మూడోదని నాకి తెలుసమ్మా! ఇంతమంది చెప్తాండారు, నా కండ్లదే తప్పేమో అనుకుంటి."

"మరి మీరు అందరితోనూ వాదిస్తారట కదండీ?"

"అది సిగ్నల్ అయింటే ఎవురు చెప్పినా వినేటోణ్ణి కాదు. ఇది సుమ్నే, ఉత్త గీత. పొట్టిదైతే ఎవురికేం నష్టం?"

ఆయన నవ్వుతూనే అన్నారు కానీ ఆ రాత్రి భోజనం దగ్గర కూడా నా బుర్రలో ఆ మాటే తిరుగుతోంది. నష్టమేమీ లేనిచోట మనుషులు తలూపడం సరే. నష్టం ఉన్నచోట ఏం చేస్తారు?

మర్నాటికి కంటోన్మెంట్‌లో నా ప్రయోగం ముగిసిపోయింది. శేషప్పగారు పొద్దున్నే వీధంతా చాటేశారు. పాలాయన, పక్కింటి టైలరు, ఎదురింటి అమ్మాయిలు వరసగా వచ్చి, నేను అట్ట పైకెత్తకముందే "మూడు! మూడు!" అని అరవడం మొదలుపెట్టారు. అది కూడా అందరూ కలిసే. నేను అట్టలు సంచిలో పెట్టేశాను.

"మా మామ ఊరికి పోదాం పా," అంది నిర్మల. "ఆడ గీతలు కాదు, చేనే అమ్ముతాండారు."

ఎర్ర దారి

కూరెకుప్ప వైపు వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చోవడం తప్పని పది నిమిషాల్లో తెలిసింది. ముందు టిప్పర్, వెనక టిప్పర్, పక్కన టిప్పర్. తుమ్మచెట్లు, మైలురాళ్ళు, గొర్రెలు అన్నీ ఒకటే రంగు. మావైపు పొలాల పచ్చదనానికి అలవాటుపడ్డ కళ్ళకు ముందు దిగులేసింది. కాసేపటికి కాలువ కనబడింది. దాని కింద మిరప చేలు, మధ్యలో పండుమిరప ఆరబోసిన కళ్ళాలు. ఆ ఎరుపు వేరు. బస్సులోకి ఘాటు రాగానే వరసగా అందరం తుమ్మాం. ఇందులో మాత్రం ఒకరినొకరు చూసి నేర్చుకున్నది ఏమీ లేదు.

మేం దిగిన ఊరు కూరెకుప్పకు అవతల, చిన్నది. నిర్మల నన్ను తన మేనమామ వన్నూరప్ప ఇంట్లో అప్పజెప్పి, దిద్దాల్సిన పేపర్లున్నాయని అదే బస్సులో తిరిగి వెళ్ళిపోయింది.

వన్నూరప్ప ఇల్లు

అది ముగ్గురన్నదమ్ముల ఉమ్మడి ఇల్లు. పెద్దాయన వన్నూరప్ప, మీసాలున్న నిదానస్థుడు. నడిపాయన ఎర్రిస్వామి, మాటకారి. చిన్నవాడు గాదిలింగ, ఇంకా పెళ్ళి కాలేదు. ఇంటిని నడిపేది వన్నూరప్ప భార్య హంపమ్మ. అన్నదమ్ముల తల్లి తిమ్మక్కను ఊరంతా అవ్వ అంటారు. వసారాలో మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటుంది. నోట్లో ఒక్క పన్ను లేదు.

ఆ రాత్రి జొన్నరొట్టెలు, నూనెలో మగ్గిన గుత్తివంకాయ, శనక్కాయ పొడి, గడ్డ పెరుగు పెట్టారు. మావైపు ఇంటికొచ్చినవాళ్ళకు అన్నం పెట్టకపోతే మర్యాద తక్కువ. ఇక్కడ రొట్టె కాల్చి పళ్ళెంలోకి వేడిగా విసరడమే మర్యాద. నేను మూడో రొట్టె దగ్గర చెయ్యి అడ్డం పెడితే హంపమ్మ నా చెయ్యి మీదే వేసేసింది.

భోజనాల దగ్గర సంగతి కదిపాను. కాలువ కింద వీళ్ళకున్న చేను పక్కనే ఖనిజం కుప్పలు పోసే యార్డు వచ్చింది. యార్డువాళ్ళకు ఈ చేను కూడా కావాలి. చుట్టుపక్కలవాళ్ళు అమ్మేసి టిప్పర్లు కొన్నారు. సోమవారం బ్రోకరు అడ్వాన్సు పట్టుకుని వస్తాడు.

"ఇంట్లో అందరికీ ఇష్టమేనా?" అని అడిగాను.

"అంతా ఒకటే మాట మేడమ్," అన్నాడు వన్నూరప్ప. "అమ్మేది, టిప్పర్ కొనేది."

"ఒకటి చాలదప్పా, రెండు కొనల్ల," అన్నాడు ఎర్రిస్వామి. "ఒకటి రోడ్డు మీదుంటే ఇంకోటి లోడ్ అయితాంటాది."

"రంగు కూడా సూసినాం," అన్నాడు గాదిలింగ.

హంపమ్మ మజ్జిగ పోస్తోంది. అవ్వ చింతగింజలు తీస్తూనే ఉంది.

ఒక్కొక్కరుగా

మర్నాడు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతానని, ఎవరు చెప్పింది ఇంకొకరి చెవిన వెయ్యనని మాటిచ్చాను. మా చదువులో అది మొదటి నియమం. అదే నన్ను ఇరకాటంలో పెడుతుందని అప్పుడు తెలియదు.

ముందు వన్నూరప్ప. ఎద్దులకు చొప్ప వేస్తున్నాడు. మీకు సొంతంగా ఏమనిపిస్తోందని అడిగాను. ఎద్దు మెడ నిమిరాడు.

"ఆ చేన్లో నిలబడితే నేను ఎవురి మాటా పడే పన్లేదు. టిప్పర్ కొంటే మైన్స్ గేటుకాడ ఎవురెవురికో దండం పెట్టల్ల. నాకి బేడ, వద్దు మేడమ్. కానీ తమ్ముళ్ళు ఆశపడినారు. అన్న అడ్డం పడినాడు అనిపించుకోల్నా?"

తర్వాత ఎర్రిస్వామి. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నాకి లారీ అంటేనే భయం. సైకిల్ మీద పోతాంటే పక్కన వస్తే కండ్లు మూసుకుంటా. కానీ అన్న మనసు పడినాడు. ఇన్నేండ్లు ఇల్లు మోసినోడు, ఒక్కటి కోరుకుంటే వద్దంటే ఎట్ల?"

గాదిలింగకు ఆ చేన్లో డ్రిప్పు పెట్టి దానిమ్మ వేయాలని ఉంది. "అన్నలిద్దరూ ఒకటైనాంక నా మాట ఏముంది? ఏదో ఒకటి మాట్లాడల్ల కదా అని రంగు మాట్లాడతాండా," అన్నాడు.

సాయంత్రం హంపమ్మ వెంట చేలోకి వెళ్ళాను. ఆమె రెండు చేతులా మిరపపండ్లు కోస్తూనే చెప్పింది. "మరుదులు ముచ్చటపడినారు. నేను వద్దంటే పెద్దకోడలు ఇల్లు చీల్చింది అంటారు. నోరు మూసుకోనుండా."

"అవ్వ సంగతేంటి?"

"అవ్వకి ఈ చేనంటే పానం. మా కోసరం ఊరకుండాది, పాపం."

మగవాళ్ళు ముగ్గురూ కూడా అవ్వ గురించి అచ్చం ఇదే అన్నారు. నేను ఆమెను అడగలేదు. ముసలావిడను బాధపెట్టడం ఎందుకనుకున్నాను.

గట్టు మీద కూర్చున్నాను. అమ్మాలని ఈ ఇంట్లో ఎవరికీ లేదు. అందరికీ ఉందని అందరూ నమ్ముతున్నారు. ఒకరి మీద ఒకరికున్న ప్రేమతోనే అందరూ కలిసి చేను పోగొట్టుకోబోతున్నారు. పుస్తకాల్లో ఇలాంటిది చదివినప్పుడు భలే ఉందనుకుని పేజీ తిప్పేసేదాన్ని. ఇక్కడ తిప్పడానికి పేజీ లేదు. చెబుదామంటే మాటిచ్చాను. చెప్పకపోతే తెల్లారితే సోమవారం. ఆ రాత్రి టిప్పర్‌కు ఏ దేవుడి పేరు పెట్టాలో ముగ్గురూ హుషారుగా మాట్లాడుకున్నారు.

చెప్పకూడదు సరే. అడగకూడదని ఎవరన్నారు?

చింతగింజ, శనక్కాయ

సోమవారం పొద్దున్నే అందరినీ వసారాలో కూర్చోబెట్టాను. "నా పరిశోధనలో చివరి ఆట ఇది," అన్నాను. బళ్ళారి అట్టల కథ విని ఉన్నారు కనక సంతోషంగా ఒప్పుకున్నారు. ఒక్కొక్కరికీ ఒక చింతగింజ, ఒక వేయించిన శనక్కాయ ఇచ్చాను. లోపలి గదిలో గుడ్డ కప్పిన కుండ ఉంది. చేను అమ్మాలంటే శనక్కాయ, ఉంచుకోవాలంటే చింతగింజ వెయ్యాలి. ఎవరేం వేశారో ఎవరికీ తెలియదు.

"దీనికేముంది మేడమ్, అన్నీ శనక్కాయలే," అన్నాడు ఎర్రిస్వామి.

ఒకరి తర్వాత ఒకరు వెళ్ళొచ్చారు. అవ్వ కూడా గోడ పట్టుకుని వెళ్ళొచ్చి మంచం మీద కూర్చుంది. ఒక్క విషయం నేను మరిచిపోయాను. చేతిలో మిగిలినదాన్ని ఏం చెయ్యాలో చెప్పలేదు.

పటుక్కున చప్పుడైంది. గాదిలింగ ఎటో చూస్తూ శనక్కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాడు. ఆపడానికి చెయ్యెత్తాను. ఆ వెంటనే ఎర్రిస్వామి దగ్గర పటుక్కుమంది. తర్వాత హంపమ్మ దగ్గర. వన్నూరప్ప నముల్తూ నముల్తూ ఆగిపోయాడు. తమ్ముడి దవడ చూశాడు. రెండో తమ్ముడి దవడ చూశాడు. భార్యను చూశాడు.

"ఏయ్, ఏందప్పా తింటాండేది?"

"శనక్కాయ," అన్నాడు గాదిలింగ. అనేశాక నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

ఒకరి చేతిలో తొక్కలు ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు.

"అమ్ముదామనింది నువ్వు కదన్నా!"

"నేనా? ఊర్లో పెద్దోళ్ళు మీరింకా మిరపకాయలేనా అంటే సూద్దాంలే అంటి, అంతే. ఇంటికొచ్చి రెండు టిప్పర్లనింది నువ్వు!"

"నీకి ఇష్టమనుకోని అంటి!"

"నాకి ఇష్టమని నీకెవురు చెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. అలా వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ పోతే అడుగున ఆ "సూద్దాంలే" తప్ప ఇంకేమీ లేదు. హంపమ్మకు నవ్వాగలేదు. ఎర్రిస్వామి అన్న భుజం మీద తల పెట్టి నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

వన్నూరప్ప కుండ తెచ్చి చాటలో బోర్లించాడు. చింతగింజలు దొర్లాయి. వాటి వెనక ఒక శనక్కాయ పడింది.

అందరం మంచంవైపు తిరిగాం. అవ్వ శనక్కాయ నమలలేదంటే పళ్ళు లేక అనుకున్నాం.

"అమ్మా, నువ్వా?" అన్నాడు వన్నూరప్ప. "గింజ మారిపోయిందా?"

"ఏం మారలేదు," అంది అవ్వ. "అమ్మేయాల్సిందే. పెండ్లయి వచ్చిన కాన్నుంచి ఆ చేన్లో వంగినా. నా నడుం తినింది అది. చేతులు మంటెత్తి బిడ్డలకి పాలియ్యలేని దినాలుండాయి. మీకి ముద్దొస్తాది, నాకెందుకొస్తాది?"

"మరి ఇన్నినాళ్ళు చెప్పలేదే?"

"ఎవురడిగినారు?"

నలుగురూ తల దించుకున్నారు. నేను కూడా.

బ్రోకరు

అంతలో వాకిట్లో జీపు ఆగింది. బ్రోకరు తెల్లచొక్కా దులుపుకుంటూ లోపలికొచ్చి కూర్చున్నాడు. అన్నదమ్ములు ముగ్గురూ వరసగా నిలబడ్డారు. నిన్నటిదాకా అమ్ముతామని చెప్పిన మనుషులు. వద్దని చెప్పాలి. పెద్దవాడు నడిపివాడిని చూశాడు, నడిపివాడు చిన్నవాడిని చూశాడు, చిన్నవాడు నేలను చూశాడు. ముగ్గురూ కలిసి చిరునవ్వు నవ్వారు. మళ్ళీ తలూపేస్తారనుకున్నాను.

హంపమ్మ టీ గ్లాసు బ్రోకరు చేతికిచ్చి, కొంగు దోపుకుని నిలబడింది.

"టీ తాగప్పా. చేను మేం అమ్మం."

"అదేందక్కా! ఊరంతా ఇచ్చినారు. మీరొక్కరే మిగిలిపోతారు."

"మిగల్నీలే. ఊరంతా లారీ తోలితే కూరలోకి మిరపకాయ ఎవురు పండిస్తారు?"

"అవునప్పా, ఇయ్యం," అన్నాడు వెంటనే ఎర్రిస్వామి. "ఇయ్యం," అన్నాడు వన్నూరప్ప. "ఇయ్యం," అన్నాడు గాదిలింగ. ఒక్కరు నోరు విప్పితే మిగిలినవాళ్ళకు గొంతు వస్తుందని నేను క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. ఇంత వరసగా వస్తుందని అనుకోలేదు. బ్రోకరు టీ చివరిదాకా తాగి, బాగుందని చెప్పి మరీ వెళ్ళాడు.

బస్సు దాకా

మర్నాడు అవ్వ ఒక షరతు పెట్టింది. చేను ఉంచుకునేవాళ్ళే కోసుకోవాలి, తను ఇక వంగదు. అన్నదమ్ములు ముగ్గురూ మిరపకోతకు దిగారు. అంతవరకూ ఆ ఇంట్లో అది ఆడవాళ్ళ పని. మావైపు వరి కోతల్లో ఆడా మగా కలిసే వంగుతారని చెబితే హంపమ్మ భర్తవైపు అదోలా చూసింది. నేనూ ఒక సాలు కోశాను. మధ్యలో మరిచిపోయి కన్ను తుడుచుకుని గెంతులేశాను. అవ్వ మంచం గట్టు మీద వేయించుకుని కూర్చుంది.

"వన్నూరప్పా, ఆకులు గూడా కోస్తాండావు! ఎర్రిసామీ, వంగు నాయనా, ఇంకా వంగు!"

చేను ఉంచుకోవడమే మంచిదో కాదో నేను చెప్పలేను. ఆ రోజు కూడా రోడ్డు మీద పక్కింటివాళ్ళ టిప్పర్ దండలేసుకుని దర్జాగా పోయింది. గాదిలింగ దాన్ని మలుపు తిరిగేదాకా చూశాడు. చూసి, మళ్ళీ వంగాడు.

నేను బయల్దేరినప్పుడు హంపమ్మ సంచినిండా ఎండుమిరప పెట్టింది. రోడ్డు దాకా సాగనంపడానికి అవ్వ వచ్చింది. బస్సు కోసం నిలబడినప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

"ఇదంతా రాస్తావంట కదమ్మా?"

"రాస్తానవ్వా."

"ఆ ఇంట్లో అందరూ ఒకటే మాట అనినారు అని రాస్తావా ఏంది?"

"లేదవ్వా."

"ఒకామె అమ్మేయమనిందని రాయి. ఎందుకనిందో గూడా రాయి."

రాశాను.